ఆయుధము వెల

వేటలోను, చేపలు పట్టుటలోను వెలగల సాధనము ముఖ్యమా, చేతి నేర్పు ముఖ్యమా అను ప్రశ్న ఈ మధ్య మా సంఘ మందిరమున సభ ముగిసి, అందరును కాఫీ త్రాగుచున్న వేళ లేచినది. చెరువు గట్టున గాలము వేయు అలవాటున్న యువకుడొకడు తాను విదేశమునుండి తెప్పించిన గాలపు కర్రను, దాని రీలును చాలసేపు వర్ణించెను. వెదురు కర్రతో ప్రక్కన కూర్చుండు ముసలివాడే తనకంటె ఎక్కువ చేపలు పట్టుకొని పోవుచున్నాడని కూడ, పాపము, దాచక చెప్పెను. పెద్దలొకరు, "ఆడలేక మద్దెల ఓడన్న వారిని చూచితిమి గాని, మద్దెల కొత్తదే, ఆడలేనిది నేనే అని ఒప్పుకొన్న వానిని నిన్నే చూచుచున్నాము నాయనా" అనిరి. అందరును నవ్విరి. ఒకరు గాండీవమును తెచ్చిరి, వేరొకరు ఏకలవ్యుని తెచ్చిరి. మాటలు ముదిరినవి గాని తగవు తెగలేదు.

నేను వేటగాడను గాను. పుస్తకములు చదువువాడను మాత్రమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మన దేశమున మృగముల వేట నేరమైనది. అది మంచికే జరిగినది. ఇక వేట మనకు మిగిలినది గ్రంథములలోనే గనుక, ఆ ప్రశ్నకు సమాధానమును అచ్చటనే వెదకుట ఉచితమని తలచి, ఎరిగిన నాలుగైదు గ్రంథములను మరల తెరచితిని. చదువుచుండగా నాకొక విషయము తోచినది. ఈ గ్రంథకర్తలెవరును ఆ తగవులో ఏదో ఒక పక్షము పట్టి కూర్చుండలేదు. సాధనమునకు వెల కలదు. అది అంగడిలో చెల్లించినది మాత్రమే కాదు. ఆ వెలను ఎవరు చెల్లించిరి, ఎప్పుడు చెల్లించిరి అను దానిమీదనే వారి దృష్టి నిలిచినది.

నేర్పును మెచ్చవలసి వచ్చినపుడు మనవారు ఏకలవ్యుని తలచుకొందురు. మట్టితో చేసిన గురుప్రతిమ, అడవిలో అభ్యాసము, మొరుగుచున్న కుక్క నోట ఏడు బాణములు, ఇవి అందరికిని తెలిసినవే. ద్రోణుడు చేసిన అన్యాయమును గూర్చియు మనము చాల వినియున్నాము. ఆయన అడిగిన వస్తువును గూర్చి మాత్రము తగినంత ఆలోచింపలేదని నా అభిప్రాయము. ద్రోణుడు వింటిని అడుగలేదు. అడిగియున్నచో ఏకలవ్యుడు మరునాటికి వేరొక వెదురును వంచి విల్లు చేసికొనియుండెడివాడు. ఆయన అడిగినది కుడిచేతి బొటనవ్రేలు. నేర్పు ఎచ్చట కాపురముండునో ఎరిగిన గురువు గనుకనే అంత క్రూరమైన కోరిక కోరగలిగెను. వ్రేలు పోయిన పిదపను ఏకలవ్యుడు మిగిలిన వ్రేళ్లతో బాణము వేసెననియు, మునుపటి వడి మాత్రము లేకపోయెననియు భారతము చెప్పుచున్నది. విల్లు అదే, అమ్ములు అవే. మన శ్రీకాళహస్తి తిన్నని కథలోను ఇట్టిదే జరిగినది. ధూర్జటి కావ్యమున విస్తారముగా వేటలాడిన ఆ చెంచు బాలుడు చివరకు తన అమ్మును తన కంటిమీదికే త్రిప్పుకొనెను. అంగడిలో దొరకని విలుకాని సాధనములు రెండే, వ్రేలును కన్నును. ఈ రెండు కథలలోను చెల్లించిన వెల ఆ రెండే.

కిరాతార్జునీయ ఘట్టము ఇంకను ఆలోచింపదగినది. తపస్సు చేయుచున్న అర్జునునిమీదికి మూకాసురుడు పంది రూపమున వచ్చుట, కిరాతుడును అర్జునుడును ఒక్కమారే బాణములు వేయుట, చచ్చిన పంది ఎవరిదను తగవు, నన్నయ భారతమునను శ్రీనాథుని హరవిలాసమునను మనవారు చదివి ఆనందించినవే. వేటగాండ్ర తగవులలో దీనికంటె సహజమైనది లేదు. కాని ఘట్టములోని సొగసు ఆ తరువాత నున్నది. అర్జునుని అక్షయతూణీరములు అడుగంటినవి. గాండీవము చేజారెను. కత్తి కిరాతుని తలపై పడి విరిగెను. చెట్లును, రాళ్లును అయిపోయినవి. తుదకు వట్టి పిడికిళ్లతో కలియబడవలసి వచ్చెను. అస్త్రములన్నిటిలో వెలకట్టరానిదైన పాశుపతము అర్జునునకు లభించినది అటుపిమ్మటనే, చేతిలో ఏమియు మిగులనప్పుడే. ముందే ఇచ్చియున్నచో అది ఉన్న ఆయుధములపై మరియొక ఆయుధము మాత్రమై యుండెడిది.

నేర్పు పక్షము వారు ఇంతటితో సంతోషింపరాదు. తిక్కన తెనిగించిన మౌసలపర్వమును కూడ వారు చదువవలెను. ద్వారకనుండి యాదవ స్త్రీలను తోడ్కొని వచ్చుచున్న అర్జునునిమీద దొంగలు పడిరి. వారి చేతనున్నవి కర్రలు. అర్జునుడు గాండీవమును ఎక్కుపెట్టుటకే శ్రమపడెను; అస్త్రమంత్రములు జ్ఞాపకమునకు రాలేదు; అమ్ములు తీరిపోగా వింటి కొనతో మోదవలసి వచ్చెను. ఖాండవము కాలిన నాటి విల్లే అది. సాధనమువలె నేర్పు కూడ ఒకనాడు చేతిని విడిచిపోవునని చెప్పిన ధైర్యము ఆ కవులది.

ఆధునికులలో ఈ విషయమును లోతుగా ఎరిగి వ్రాసినవాడు జిమ్ కార్బెట్ (1875–1955). పాఠకులలో ఆయనను గూర్చి ఒక భ్రమ కలదు. తుపాకి ఏదైనను లెక్కచేయని వీరుడని వారి తలంపు. 'జంగిల్ లోర్' (1953) లో ఆయన వ్రాసిన బాల్యపు తుపాకి కథ ఇందుకు కొంత కారణము. అది మందు కూరి కాల్చెడు జంటగొట్టముల తుపాకి. కుడి గొట్టము చీలిపోయినది. గొట్టములను కొయ్యను ఇత్తడి తీగతో చుట్టి కట్టియుంచిరి. పక్షులను సేకరించుటలో సాయము చేసినందుకు బంధువొకడు దానిని ఆయనకు బహూకరించెను. దీనిని చదివినవారు "చూచితిరా, పగిలిన తుపాకియే చాలును" అందురు. కార్బెట్ అట్లనలేదు. నేను చదివినంతలో ఆ తుపాకి ఆయనకు నేర్పినది దగ్గరగా పోవుట. పనిచేయునది ఒక్క గొట్టమే గనుక మృగమును సమీపింపవలెను. సమీపింపవలెనన్న గాలి వాలు, ఎండుటాకుల చప్పుడు, కోతి కూత, జింక పిలుపు, అన్నియు తెలియవలెను. చీలిన గొట్టము ఆయనకు లోపము. ఆ లోపమునే ఆయన బడిగా చేసికొనెను.

'మేనీటర్స్ ఆఫ్ కుమావూన్' (1944) లోని చంపావత్ పులి కథను ఈ దృష్టితో మరల చదువుడు. ఆ ఆడపులి నేపాళములో 200 మందిని, కుమావూనులో 236 మందిని, మొత్తము 436 మందిని చంపినదని ఆయన లెక్క. 1907 లో దాని వేటకు పోవుటకు ముందు కార్బెట్ ప్రభుత్వమును రెండు కోరికలు కోరెను. ప్రకటించిన బహుమానములను రద్దు చేయవలెననునది ఒకటి. అంతవరకు నియమించిన షికారీలను, సిపాయిలను వెనుకకు పిలువవలెననునది రెండవది. బహుమానమునకై వచ్చినవాడని అనిపించుకొనుట ఆయనకు ఇష్టము లేదు. తుపాకులు ఎక్కువైనచోట తనకే గుండు తగులునను భయమును కలదు. ఎక్కువ సాధనము ఎక్కువ క్షేమము కాదని ఎరిగినవాని మాట ఇది.

తుది దినమున 298 మంది గ్రామస్థులు కొండమీద వరుసగా నిలిచిరి. లైసెన్సు లేని తుపాకులనైనను తెచ్చుకొనవచ్చునని తహసీలుదారు కనుసన్న చేసెను. కార్బెట్ యొద్ద నున్నవి 3 తూటాలు. ఆయన రైఫిలు మొదటి గుండు తప్పిపోయెను. తక్కిన రెండును తగిలినవి గాని పులి పడలేదు. అప్పుడు ఆయన పరుగున పోయి తహసీలుదారు చేతిలోని తుపాకిని లాగుకొని వచ్చెను. చూడగా, దాని గొట్టములకును వెనుక భాగమునకును నడుమ సందు కలదు. కాల్చినచో తన కన్ను పోవచ్చును. అయినను కాల్చెను. పులి పడినది. తరువాత పరీక్షింపగా, ఆ గుండు పులి ముందరి పాదమునకు తగిలినది. పులి చచ్చినది ముందటి దెబ్బలవలన. ఈ సంగతిని ఆయన దాచియుంచినచో ఎవరికి తెలియును? మంచి రైఫిలు తప్పిన గుండును, చెడ్డ తుపాకి కొట్టవలసినచోట కొట్టని గుండును, రెంటిని ఒకే నిర్వికారమైన కంఠముతో చెప్పుటయే కార్బెట్ రచనకు ప్రాణము. ఆయన తుపాకి పేరు చెప్పునది అది చేసిన పనిని, చేయలేని పనిని చెప్పుటకే. దాని వెల ప్రసక్తి నాకెచ్చటను కనబడలేదు.

ఇంతకంటె ముఖ్యమైన వాక్యము ఆ కథ చివర నున్నది. చచ్చిన పులి నోటిని తెరచి చూడగా కుడివైపున పైకోర సగము విరిగియున్నది, క్రింది కోర ఎముకవరకు పోయినది. పూర్వమెప్పుడో తగిలిన తుపాకి గుండు చేసిన పని అది. సహజమైన ఆహారమును పట్టలేక ఆ పులి మనుష్యులకు మరగినది. ఆ గుండు వేసినవాడెవడో కార్బెట్ చెప్పలేదు. వానికి తుపాకి ఉన్నది, గురి లేదు, లేక గాయపడిన మృగమును వెంబడించి ముగించు ఓపిక లేదు. ఏ సాయంకాలమో ఇంటికి పోయి, పులికి దెబ్బ తగిలినదని నలుగురికిని చెప్పుకొనియుండును. వాని తుపాకి వెల 436 ప్రాణములు. చెల్లించినది వాడు కాదు. కట్టెలకు, పశువుల మేతకు అడవికి పోయిన పల్లెల ఆడువారు దానిని చెల్లించిరి.

నేర్పా, సాధనమా అని కాఫీ త్రాగుచు వాదించుకొనుటలో ఈ లెక్క మనకు తోచదు. నేర్పు లేనివానికి చెడ్డ సాధనమున్నచో నష్టము తక్కువ. మంచి సాధనమున్నచో నష్టము దూరము పోవును.

చంపావత్ వేటకు మెచ్చి ఆనాటి సంయుక్త రాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ ఆయనకు 275 రిగ్బీ రైఫిలును బహూకరించెను. కార్బెట్ చేతనున్న తుపాకులలో ప్రసిద్ధికెక్కినది అదియే. మొదట చీలిన గొట్టము, తరువాత కన్ను పోగొట్టదగిన తహసీలుదారు తుపాకి, ఆ పిదపనే రిగ్బీ. పాశుపతము వచ్చిన వరుసయు ఇదియే గదా! 1926 లో ఆయన చంపిన రుద్రప్రయాగ చిరుతపులి కథయు దీనికి వేరు కాదు. బోనులు, విషములు, గఢ్వాలు జిల్లాలో వేలకొలది తుపాకి లైసెన్సులు ఉన్నను అది 8 సంవత్సరములు బ్రదికి 125 మందిని తిన్నది.

మనకు దగ్గరగా, బెంగుళూరులో నివసించిన కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) మన ప్రాంతముల వేటలను వ్రాసెను. 'నైన్ మానీటర్స్ అండ్ వన్ రోగ్' (1954) తెరచినచో జవళగిరి, గుమ్మళాపురము, చామల లోయ కనిపించును. హోసూరు, దెంకణికోట, చిత్తూరు ప్రాంతముల మన తెలుగువారికి ఇవి చుట్టముల ఊళ్లు. సాహిత్యముగా చూచినచో ఆండర్సన్ కార్బెట్ సాటి కాడు. కార్బెట్ ఒక్క వాక్యములో విడిచిపెట్టు భయమును ఆండర్సన్ పుటల కొలది పెంచును. వెన్నెలను కూడ కొంచెము ఎక్కువగానే కురిపించును. అయినను ఆయనయందొక ఉదారగుణము కలదు. తన 405 వించెస్టరుకు ఇయ్యని ఘనతను ఇతరులకిచ్చును. అడవి విద్యను తనకు నేర్పిన బైరా అను పూజారి జాతివానిని గూర్చి ఆ గ్రంథమున ప్రత్యేకముగా ఒక ప్రకరణమునే వ్రాసెను. గుమ్మళాపురపు చిరుతపులి కథలో అసలు నాయకుడు ఒక ఊరకుక్క. ఆకలితో వచ్చిన దానికి ఆయన తిండి పెట్టెను. మనిషి చెవికి అందని చప్పుడును అది పసిగట్టి హెచ్చరించుటచేతనే చిరుతపులి దొరికినది. కుక్కకు పెట్టిన తిండి వెల ఎంత?

ఇక అడవినుండి నీటికి వత్తము. హెమింగ్వే వ్రాసిన 'ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ' (1952) ని మనవారు సాధారణముగా బీద సాధనములతో గెలిచిన నేర్పు కథగా చదువుదురు. నాకట్లు తోచదు. 84 దినములు చేప పడని ఆ ముసలివాడు శాంటియాగో సాధనములను తృణీకరించినవాడు కాడు. అతని గాలపు త్రాళ్లలో ఏది ఎన్ని బారల లోతున నున్నదో అతనికి తెలియును. అన్యుల త్రాళ్లు ప్రవాహమునకు కొట్టుకొనిపోవుచుండగా అతనివి నిట్టనిలువుగా దిగియుండును. బీద సాధనమే, కాని అంత శ్రద్ధగా కాపాడబడిన సాధనము ఆ తీరమున వేరొకటి లేదు. సొరచేపల కాలేయములు మంచి ధర పలికిన రోజులలో సంపాదించి, మోటారు పడవలు కొని, త్రాళ్లకు తేలుబుడ్లు కట్టుకొన్న పడుచువారును ఆ కథలో కలరు. హెమింగ్వే వారిని దుష్టులుగా చిత్రింపలేదు. వారు సముద్రమును పురుషునిగా, పోటీదారుగా పిలుతురనియు, ముసలివాడు స్త్రీగా తలచుననియు మాత్రము చెప్పి ఊరకుండెను.

మరియొక సంగతి. ముసలివాడు చేపను గెలిచెను గాని ఒడ్డునకు తేలేకపోయెను. పడవకంటె రెండడుగులు పొడవైన ఆ 18 అడుగుల చేపను సొరచేపలు తినివేసినవి. పంటకోల మొదటి సొరతోనే పోయెను. తెడ్డునకు కట్టిన కత్తి విరిగెను. కత్తిని సానపట్టుటకు రాయి తేలేదే అని అతడు నొచ్చుకొనును. వెంటనే, లేనిదానిని తలచుట మాని ఉన్నదానితో ఏమి చేయవచ్చునో చూడవలెనని మనసును మరల్చుకొనును. ఆ రాయికి వెల లేదు. అతడు మాటిమాటికి కావలెనని కోరుకొన్నది మాత్రము రాయిని గాదు, మోటారును గాదు; దగ్గర లేని పిల్లవానిని. అదృష్టము లేని పడవలో మాకొడుకు వద్దని తల్లిదండ్రులు వేరొక పడవకు పంపిన పిల్లవాడు వాడు. రెండు చేతుల నేర్పునకు మూడవ చేయి కావలసి యుండినదని ఈ గ్రంథము స్పష్టముగా చెప్పుచున్నది. నేర్పును ఒంటరి వీరుని సొత్తుగా పొగడువారు ఈ భాగములను దాటివేయుదురు.

సాధనము వెలను రూపాయలలోనే లెక్కించి చూపిన నవల మలయాళమున కలదు. తకళి శివశంకర పిళ్ళై 'చెమ్మీన్' (1956) లో చెంబన్‌కుంజు అను జాలరికి సొంత పడవ, వలలు కావలెనను కోరిక. డబ్బు లేదు. కూతురు కరుత్తమ్మపై మనసుపడిన పరీకుట్టి అను చిన్న వర్తకుని యొద్ద అప్పు తెచ్చి కొనెను. చేపలు అతనికే అమ్మెదనన్న మాటను తప్పెను, అప్పును తీర్చలేదు. పరీకుట్టి చితికిపోయెను. ఆ పడవ నీటిలో దిగిన నాటినుండి కరుత్తమ్మ గుండెలో బాకీ బరువే. ఆమెను పెండ్లాడిన పళని ఎవరును లేని అనాథ. అతనికున్నది చేతి నేర్పు ఒక్కటే. నిందపడిన భార్య కలవాడని తోటివారు అతనిని తమ పడవలో ఎక్కనీయలేదు. ఒంటరిగా చిన్న పడవలో పోయి, గాలమునకు చిక్కిన సొరచేపతోనే అతడు సముద్రమున మునిగెను. ఈ నవలను ప్రేమకథగా చదువుట అలవాటైనది. 1965 నాటి చలనచిత్రము ఆ అలవాటును స్థిరపరచినది. కడలితల్లిని గూర్చిన నమ్మకములను తకళి ఎక్కువగా వాడుకొనెనను ఆక్షేపణయు కలదు. అందు కొంత నిజమున్నది. కాని ఆ నమ్మకముల తెరను తొలగించి చూచినచో కథను నడుపునది ఒక పడవ కొనుగోలు. వెలగల సాధనము ఒకరిది, నేర్పు ఇంకొకరిది, అప్పు మూడవవానిది, తీర్చినది ఒక ఆడుపిల్ల.

పడమటి తీరపు కథ యని మనము దీనిని దూరముగా ఉంచరాదు. పూరీలో సముద్రస్నానము చేసినవారికి నోలియాలు తెలియకపోరు. కొమ్ముటోపీ పెట్టుకొని, యాత్రికుల చేయి పట్టుకొని అలలు దాటించువారు వారే. వారి ఇంటి భాష తెలుగు. వారి పూర్వులు వాడిన తెప్పను ఒకమారు పరిశీలించినచో మన తగవు కొంత వింతగా తోచును. తేలిక కొయ్య దుంగలు కొన్నింటిని త్రాళ్లతో కట్టినదే తెప్ప. మేకు లేదు. దుంగల సందులలోనుండి నీరు పోవును గనుక మునుగదు. అల విరుచుకొనిపడినను తేలును. ఒడ్డు చేరిన పిదప కట్లు విప్పి దుంగలను ఇసుకలో ఎండబెట్టుదురు. కొయ్యకు, త్రాటికి అయిన వెలను చూచినచో అది చవుక సాధనము. దుంగలను ఏ వంపుగా చెక్కవలెనో, ఏ వరుసగా కట్టవలెనో కనిపెట్టుటకు ఎన్ని తరముల జాలరులు ఆ అలలలో పడి లేచిరో లెక్కించినచో అంత వెలగలది వేరొకటి లేదు. అందు సాధనమెంత, నేర్పెంత అని విడదీయుట ఎవరి తరము?

ఇప్పుడు తెప్పలు అరుదైనవి. ఫైబరు పడవలు, నైలాను వలలు, పడవ వెనుక బిగించు మోటార్లు వచ్చినవి. వీనిని చూచి పాత రోజులు పోయెనని కన్నీరు కార్చుట నా ఉద్దేశము కాదు. ఒడ్డున కూర్చున్నవానికి తెప్ప అందముగా కనబడును; దానిమీద రాత్రియంతయు తడియువానికి ఎట్లుండునో వానినే అడుగవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట పూరీ పోయినప్పుడు నేను అట్లే అడిగితిని. వల అల్లుచున్న ముసలి జాలరి తల యెత్తకయే, "మోటారుంటే తుపానుకు ముందే ఒడ్డు చేరతాం బాబూ. దాని బాకీయే ఇంకా ఒడ్డు చేరలేదు" అని చెప్పి, చిరిగిన భాగమును మరల ఒడిలోనికి లాగుకొనెను.